డోలు లాక్కున్నా దరువు పోలేదు

(జాజ్ సంగీతం – ఆఫ్రికా వేర్లు – హైదరాబాదు మర్ఫా – మన పాటలు)



ఈ నెల మన గోడ పత్రికలో నేను జాజ్ అనే సంగీతం గురించి రాస్తున్నాను. జాజ్ అంటే జాజిపువ్వు కాదు. మొన్న సోషల్ పీరియడ్‌లో బానిసత్వం పాఠం అయినంక మేడం గారు ట్రంపెట్ పాట ఒకటి వినిపించిండ్రు. మనలో కొందరు “ఇది పెండ్లి బ్యాండు లెక్క ఉన్నది” అన్నరు, కొందరు నవ్విండ్రు. ఆ పాట వెనుక మూడు నాలుగు వందల ఏండ్ల కథ ఉన్నది. ఆ కథకు మన హైదరాబాదుతో పోలిక ఉన్నది, మన హాస్టల్‌తో పని ఉన్నది. ఓపికగా చివరిదాకా చదవండి.

జాజ్ అంటే ఏమిటి?

జాజ్ అమెరికా దేశంలో పుట్టిన సంగీతం. లూసియానా రాష్ట్రంలో మిసిసిపి నది ఒడ్డున న్యూ ఆర్లియన్స్ అనే పట్నం కలదు. 1900వ సంవత్సరానికి అటూ ఇటుగా అక్కడి నల్లజాతి కళాకారులు దీనిని వాయించడం మొదలుపెట్టారు. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, డ్రమ్ములు దీని వాయిద్యాలు. వీటిలో చాలా మటుకు యూరప్ వాళ్ళ మిలటరీ బ్యాండుల్లో ఉండేవి. మన పెండ్లి బ్యాండు కూడా ఆ మిలటరీ బ్యాండు నుంచే వచ్చింది. అందుకే విన్నప్పుడు మనకు అట్ల అనిపించింది.

మరి వాయిద్యాలు యూరప్ వాళ్ళవి అయితే ఆఫ్రికా వేర్లు ఎక్కడ ఉన్నయి? వాయిద్యంలో కాదు, వాయించే తీరులో ఉన్నయి. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

చేతిల ఏమీ లేకుండ వచ్చినవాళ్ళు

16వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం దాకా యూరప్ వ్యాపారులు ఆఫ్రికా మనుషులను పట్టి, కొని, ఓడలలో అమెరికా ఖండాలకు తీసుకుపోయి అమ్మినారు. మొత్తం సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలు ఎక్కించారని పరిశోధకులు లెక్క కట్టారు. వారిలో సుమారు 18 లక్షల మంది సముద్రం మీదనే చనిపోయారు. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఉన్న చోటికి నేరుగా వచ్చినవాళ్ళు సుమారు 4 లక్షల మంది.

ఓడ ఎక్కేటప్పుడు వాళ్ళ చేతిల మూట లేదు, బట్ట లేదు, డోలు లేదు. ఒక్క ఓడలో నాలుగైదు భాషల వాళ్ళు ఉండేది. పక్కవాడు మాట్లాడేది అర్థం కాకపోయేది. దిగినంక పేర్లు కూడ మార్చిండ్రు. కాని ఒక మనిషికి దరువు వస్తే దాన్ని ఎవరు ఊడదీస్తరు? అది కాళ్ళల్ల, చేతులల్ల, గొంతులో ఉంటది.

మన మెండోర, ఆర్మూర్ పక్క పసుపు సంగతి మీకు తెలుసు. ఒక పొలంలో తవ్విన పసుపు కొమ్మును ఇంకో ఊరి నేలలో విత్తినా అది పసుపే అయితది. నేలను బట్టి రంగు, వాసన కొంచెం మారవచ్చు. అల్లం మాత్రం కాదు. ఆఫ్రికా సంగీతం కూడా అమెరికా నేలలో అట్లనే మొలిచింది.

డోలు కొట్టవద్దని చట్టం

1739లో సౌత్ కరోలినా అనే చోట స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్ళు కొట్టుకుంటూ జనాన్ని కూడగట్టినారు. తిరుగుబాటును అణచివేసిన తరువాత 1740లో అక్కడ కొత్త చట్టం చేశారు. ఆ చట్టం ప్రకారం బానిసలు డోళ్ళు, కొమ్ము బూరలు వాడరాదు. వాటితో ఒకరికొకరు సైగలు పంపుకుంటారని యజమానుల భయం.

డోలు పోయింది. అప్పుడు వాళ్ళు ఏమి చేసిండ్రు? ఒంటినే డోలు చేసుకున్నారు. తొడల మీద, ఛాతి మీద, అరచేతుల మీద కొట్టుకుంటూ, కాలితో నేలను తాకుతూ దరువు వేశారు. దీనికి ‘ప్యాటింగ్ జూబా’ అని పేరు. చర్చిలో నాట్యం పాపమని చెప్తే, గుండ్రంగా తిరుగుతూ, కాలు మీద కాలు పడకుండ అడుగు ఈడుస్తూ దేవుని పాట పాడినారు. కాలు ఎత్తి దాటించకపోతే నాట్యం కాదట! దానిని ‘రింగ్ షౌట్’ అంటారు. గుండ్రంగా తిరిగి పాడటం ఆఫ్రికాలో వాళ్ళ తాతల నుంచి వచ్చిన అలవాటు. పేరు మారింది, దేవుడు మారిండు, అడుగు మారలేదు.

ఆదివారం మైదానం

న్యూ ఆర్లియన్స్‌లో సంగతి కొంచెం వేరు. అది మొదట ఫ్రెంచి వాళ్ళ పట్నం. 1724లో వాళ్ళు చేసిన చట్టం ప్రకారం ఆదివారం బానిసలతో పని చేయించరాదు. దానివల్ల ఆదివారం పూట వాళ్ళు ఒకచోట కూడి కూరగాయలు, తినేవి అమ్ముకునేవారు, పాడుకునేవారు, ఆడుకునేవారు. 1817లో పట్నం పెద్దలు ఇంకో ఆర్డరు వేశారు. మేయరు చూపించిన చోటనే, ఆదివారం మాత్రమే, పొద్దు గూకేదాకనే ఆడాలి అని. ఆ చోటికి తరువాత ‘కాంగో స్క్వేర్’ అని పేరు వచ్చింది.

1819లో లాట్రోబ్ అనే ఇంజనీరు ఆ దారిన పోతూ చప్పుడు విని ఆగినాడు. అయిదారు వందల మంది గుంపులు గుంపులుగా గుండ్రంగా నిలబడి ఉన్నారట. ఒకతను పొడుగు డోలు మీద ఎక్కి కూర్చుని చేతులతో వాయిస్తున్నాడు. ఇంకొక వాయిద్యం సొరకాయ బుర్రతో చేసినది, దానికి తంతులు ఉన్నయి. పైన మనిషి బొమ్మ చెక్కి ఉంది. లాట్రోబ్ ఈ వాయిద్యాలను తన డైరీలో బొమ్మలు గీసుకున్నాడు. అతనికి ఆ పాట నచ్చలేదు, మొరటుగా ఉందని రాసినాడు. కాని అతను గీసిన బొమ్మల వల్లనే ఆ వాయిద్యాలు ఆఫ్రికావని ఈనాడు మనకు సాక్ష్యం దొరికింది. ఆ బుర్ర వాయిద్యాల వంశంలోనిదే బాంజో.

వారానికి ఒక్క పూట. ఒక్క మైదానం. అంతే వాళ్ళకు దొరికింది. తరువాత ఆ ఆదివారం ఆటలు తగ్గిపోయినయి. కాని అప్పటికే ఆ దరువు పట్నంలో పుట్టిన పిల్లలకు పట్టుబడింది. 1865లో అమెరికాలో బానిసత్వం రద్దు అయ్యింది. యుద్ధం అయిపోయినంక మిలటరీ బ్యాండుల వాయిద్యాలు సామాన్యుల చేతికి అందినయి. పొలం పాటలు, చర్చి పాటలు, బ్లూస్ అనే బాధల పాటలు, ఊరేగింపు బ్యాండు అన్నీ కలిసి జాజ్ అయినయి.

జాజ్‌లో ఆఫ్రికాను గుర్తుపట్టేది ఎట్ల?

నాలుగు గుర్తులు చెప్తాను. నోటుబుక్కులో రాసుకోండి.

1. పిలుపు – జవాబు: ఒకరు పాడితే అందరూ అందుకుంటారు. మన నాట్ల పాటలలో ఒకామె ఎత్తుకుంటది, మిగతావాళ్ళు వంత పాడుతరు కదా, అట్లనే. జాజ్‌లో ట్రంపెట్ ఒక మాట అడిగినట్టు వాయిస్తే క్లారినెట్ జవాబు చెప్పినట్టు వాయిస్తది. మనుషులు చేసే పనిని వాయిద్యాలు చేస్తయి.

2. ఒకేసారి రెండు మూడు లయలు: ఇది రాస్తే అర్థం కాదు, చేసి చూడండి. ఆరు లెక్కపెట్టాలి: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. మొదటి బెంచి వాళ్ళు ఒకటి, నాలుగు దగ్గర చప్పట్లు కొట్టాలి. రెండో బెంచి వాళ్ళు ఒకటి, మూడు, అయిదు దగ్గర కొట్టాలి. ఆపకుండా తిరిగి తిరిగి చేయాలి. ఇద్దరూ కలిసేది ‘ఒకటి’ దగ్గర మాత్రమే. తక్కినవి ఒకదాని సందులో ఒకటి పడతయి. ఒక బెంచి వాళ్ళు రెండే కొడతరు, ఇంకో బెంచి వాళ్ళు మూడు కొడతరు, కాని వినేవాళ్ళకు కొత్త దరువు ఒకటి వినపడ్తది. దానిని ఎవ్వరూ ఒక్కరే కొట్టలేదు! ఆఫ్రికా డోళ్ళ రహస్యం ఇదే. మా డార్మెటరీలో చేసినం. మొదట గందరగోళం అయింది, పది నిమిషాలకు కుదిరింది.

3. వంచిన స్వరం: హార్మోనియంలో రెండు మెట్ల మధ్య ఖాళీ ఉంటది. ఆ ఖాళీలో కూడా స్వరం ఉంటది, కాని హార్మోనియం దాన్ని పలకదు, గొంతు పలుకుతది. ఏడ్చేటప్పుడు మన గొంతు వంగినట్టు ఆ స్వరం వంగుతది. వాటిని బ్లూ నోట్స్ అంటారు. జాజ్ వాళ్ళు ట్రంపెట్‌తో కూడా ఆ వంపును పలికిస్తారు.

4. అక్కడికక్కడ కల్పించుట: జాజ్‌లో పాట ఒక్కటే ఉంటది, కాని నిన్న వాయించినట్టు ఇయ్యాల వాయించరు. ఒక్కొక్కరికి వంతు వస్తది. వంతు వచ్చినవాళ్ళు తమ మనసులో ఉన్నది కలిపి వాయించాలి. మిగతావాళ్ళు వాళ్ళను మోస్తున్నట్టు వెనుక వాయిస్తారు.

ఇంకో సంగతి. ప్రార్థన పాటలకు మనం ఒకటి, మూడు దగ్గర చప్పట్లు కొడతం. జాజ్ వినేవాళ్ళు రెండు, నాలుగు దగ్గర కొడతరు. ఒక్కసారి మార్చి కొట్టి చూడండి, కాళ్ళు ఊరుకోవు.

హాస్టల్‌లో నేర్చుకున్న పిల్లవాడు

జాజ్ మొదలుపెట్టినవాళ్ళలో బడ్డీ బోల్డెన్ అనే ఆయన పేరు ముందు చెప్తారు. ఆయన 1877లో పుట్టినాడు. కార్నెట్ అనే బూర వాయించేవాడు. ఆయన వాయించిన రికార్డు ఒక్కటి కూడా ఇప్పటిదాకా దొరకలేదు. జాజ్ పేరుతో మొట్టమొదటి రికార్డు 1917లో వచ్చింది. దానిని వాయించినవాళ్ళు తెల్లవాళ్ళు. నాటు వేసినవాళ్ళు ఒకరు, పంట మీద పేరు ఇంకొకరిది. పాటను మనం పాడి, రాసి పెట్టుకోకపోతే ఇట్ల కూడా అయితదని నాకు అనిపించింది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పేద ఇంట్లో పుట్టినాడు. పదకొండేండ్ల వయసులో కొత్త సంవత్సరం రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు పోలీసులు పట్టుకున్నారు. నల్లపిల్లల కోసం ఉన్న ఒక హోములో పెట్టినారు. అక్కడ బ్యాండు ఉండె. పీటర్ డేవిస్ అనే సారు ఆ పిల్లవానికి కార్నెట్ నేర్పించినాడు. తరువాత ఆ పిల్లవాడే ప్రపంచం అంతా తిరిగి వాయించినాడు. 1956లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆఫ్రికాలో ఇప్పటి ఘనా దేశానికి పోయినాడు. అక్కడ ఆడుతున్న ఒక ఆమెను చూస్తే చనిపోయిన తన తల్లి లెక్కనే కనిపించిందని ఆయన చెప్పుకున్నాడు. ఆయన 1971లో చనిపోయాడు.

ఒక హాస్టల్, ఒక బూర, నేర్పించే ఒక సారు. అంతే కావలసింది.

హైదరాబాదులో ఆఫ్రికా దరువు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆఫ్రికా మనుషులు అమెరికాకే కాదు, సముద్రం దాటి మన దేశానికి కూడా వచ్చారు. కొందరిని బానిసలుగా తెచ్చారు, కొందరు సిపాయిలుగా, ఓడ పనివాళ్ళుగా వచ్చారు. వారిని సిద్దీలు అని, హబ్షీలు అని అంటారు. మాలిక్ అంబర్ పేరు చరిత్ర పుస్తకంలో ఉంటది. ఆయన ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపించినాడు. 1626లో చనిపోయాడు.

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ కలదు. ఏ.సి. అంటే చల్లగాలి మిషను కాదు! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా వాళ్ళ గుర్రపు దళం. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఉన్న ఆఫ్రికా సిపాయిల దళం తరువాత నిజాం సైన్యంలోకి వచ్చింది. వారి కుటుంబాలు ఉన్న చోటు ఆ బస్తీ. హబ్సిగూడ అనే పేరు కూడా హబ్షీల నుండి వచ్చిందని చెప్తారు.

1948లో హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసింది. తరువాత ఆ దళాన్ని తీసివేశారు. గుర్రం పోయింది, డ్రెస్సు పోయింది, జీతం పోయింది. దరువు మాత్రం మిగిలింది. ఆ దరువు పేరు మర్ఫా. ఇది ఒక్క ఆఫ్రికాదే కాదు. యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుండి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంగీతం కూడా ఇందులో కలిసింది. డఫ్, డోలు, మర్ఫా డప్పులు, లోహపు బిందె, కొట్టడానికి కర్ర, ఇవి దాని వాయిద్యాలు. మాటలు తక్కువ, దరువు ఎక్కువ. హైదరాబాదు పెండ్లి బరాత్‌లో మర్ఫా లేకపోతే బరాత్ నడవదు. సిద్దీ కుటుంబాలలో కొందరికి అదే కూడు పెట్టింది.

అక్కడి సిద్దీలు ఇండ్లలో ఉర్దూ, తెలుగు మాట్లాడుతరు. తాతల నాటి ఆఫ్రికా మాట పోయింది. మాట పోయినా దరువు నిలిచింది. గుజరాత్ సిద్దీలు తమ ఆటను ‘గోమా’ అంటారు. ఆఫ్రికాలో స్వాహిలీ భాషలో ‘ఎన్‌గోమా’ అంటే డోలు. చూడండి, వందల ఏండ్ల తరువాత ఒక్క మాట మిగిలితే, అది కూడా డోలు పేరే!

అమెరికా జాజ్, హైదరాబాదు మర్ఫా రెండూ అన్నదమ్ముల వంటివి. ఒకరినొకరు చూడలేదు. ఒకటి ఇటు సముద్రం దాటింది, ఒకటి అటు సముద్రం దాటింది. రెండూ వేరేవాళ్ళ సంగీతంతో కలిసిపోయి కూడా తమ నడక మరువలేదు.

పోలిక వేరు, వేరు వేరు

మీలో కొందరు అడగవచ్చు: “మన పాటలో కూడా పిలుపు – జవాబు ఉన్నది, గుండ్రంగా ఆడుతం, డోలు కొడతం. అయితే మనది కూడా ఆఫ్రికా నుంచే వచ్చిందా?” అట్ల అనుకోవద్దు. పోలిక ఉన్నంత మాత్రాన ఒక్క వేరు అని చెప్పరాదు. జాజ్‌కు ఓడల లెక్కలు ఉన్నయి, చట్టాలు ఉన్నయి, లాట్రోబ్ బొమ్మలు ఉన్నయి. సాక్ష్యం ఉంటేనే వేరు అనాలి. లేకుంటే పోలిక అనాలి. కలిసి పని చేసే జనం ఎక్కడ ఉన్నా కలిసే పాడుతరు. అందుకని పోలిక వస్తది.

పోలిక చూస్తే మాత్రం ముచ్చట అనిపిస్తది. పశ్చిమ ఆఫ్రికాలో గ్రియోలు అనే వాళ్ళు ఉన్నారు. కోరా అనే 21 తంతుల వాయిద్యం మీద వంశాల కథలు పాడుతరు. మా గోండులకు ప్రధానులు, తోటీలు ఉన్నారు. కిక్రి వాయించుకుంటూ మా గోత్రాల కథ, మా దేవతల కథ పాడుతరు. రాయడం రాని జనానికి వాళ్ళే పుస్తకం. మా ఇంట్ల నేనే మొదటిసారి బడికి వచ్చిన. మా అమ్మకు ఈ గోడ పత్రిక చదవరాదు. కాని మా గోత్రం కథ ఆమెకు నోటికి వస్తది, నాకు ఇంకా మొత్తం రాదు.

మన రాష్ట్రంలో ఇట్ల పాటను, ఆటను మోసిన పెద్దలు ఉండిరి. మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గారు గుస్సాడి ఆటను ఎంతోమందికి నేర్పినారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు పక్కన కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథను, కోయ వంశాల కథలను డోలు కొట్టుకుంటూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే చనిపోయారు. ఒక్క సంవత్సరంలో ఇద్దరు. వాళ్ళు పోతే ఎవరు పాడుతరు? మనమే కదా పాడవలసింది. మనం ఏమో హాస్టల్‌లో ఉన్నం.

బడిలో ఉంటే పాట పోవాలా?

నేను చదువు వద్దని రాయడం లేదు. చదువు కావాలి, మార్కులు కావాలి. ఈ వ్యాసం రాయగలిగిందే చదువు వల్ల. కాని ఏడాదిలో పది నెలలు ఇక్కడనే ఉంటం. దండారి దీపావళి ముందు ఉంటది, అప్పటికి సెలవు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఊరికి పోయినప్పుడు డోలు, గుమేల, పెప్రె, కాలికోం చప్పుడు వింటే కాళ్ళు ఆడుతయి, కాని నోటికి పాట రాదు. మనలో చాలా మందికి పాట మొదటి చరణం వస్తది, మూడో చరణం రాదు. కొందరు గోండి, కొలామి, లంబాడి మాటలు గట్టిగా మాట్లాడాలంటే సిగ్గుపడతరు, ఎవరైనా నవ్వుతరేమో అని.

అమెరికాలో డోలును చట్టం చేసి లాక్కున్నారు. మన డోలును ఎవ్వరూ లాక్కోలేదు. మన సిగ్గు వల్ల అది మూలకు పోతే ఎవరిని అడుగుతం? డోలు లాక్కున్నవాళ్ళ దగ్గర కూడా దరువు నిలిచింది. ఎందుకంటే వాళ్ళకు వారానికి ఒక్క పూట దొరికింది, ఆ పూటను వాళ్ళు వదలలేదు. పాట ఊరికే బతకదు. పాడే చోటు, పాడే టైము, వినే చిన్నపిల్లలు, ఈ మూడూ ఉంటేనే బతుకుతది.

మనవి

వార్డెన్ మేడం గారికి మా మనవి. ఆదివారం తలస్నానాలు, బట్టలు ఉతుకుడు అయినంక, సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు 4 గంటల నుండి 5 గంటల దాకా వరండాలో మాకు ఒక్క గంట ఇవ్వగలరు. సినిమా పాటలు వద్దు, ఆ గంటలో మా ఊరి పాటలే పాడుకుంటం. ఒక వారం గోండులు, ఒక వారం కోలాములు, ఒక వారం నాయకపోడులు, ఒక వారం లంబాడీలు. ఒకరు పాడితే మిగతావాళ్ళు వంత. డోలు తెచ్చుకునేదాకా స్టీలు పళ్ళెం, బకెట్టు, అరచేతులు చాలు.

అక్కలకు, చెల్లెళ్ళకు: మీకు వచ్చిన పాట పేరు, అది ఎప్పుడు పాడుతరో, ఎవరి దగ్గర నేర్చుకున్నరో ఒక చీటీ మీద రాసి ఈ పత్రిక కింద కట్టిన డబ్బాలో వేయండి. తెలుగులో రాయరాకపోతే నన్ను పిలవండి, మీరు చెప్పండి, నేను రాస్తను. సెలవులకు పోయినప్పుడు మిగిలిన చరణాలు ఇంట్ల అడిగి తెచ్చుకుందాం. వచ్చే నెల గోడ పత్రికలో ఆ పాటల జాబితా పెడతాం.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని